డిసెంబరు 25 ఒకటే, డిసెంబర్లు వేరు: ఇంట్లో ఏ చర్చి క్యాలెండర్ పాటించాలి?

జనవరి వచ్చేసరికి విశాఖలో చాలా క్రైస్తవ ఇళ్ల గోడల మీద రెండు మూడు క్యాలెండర్లు చేరతాయి. కోడలి పుట్టింటి నుంచి జ్ఞానాపురం విచారణ (కతోలిక పారిష్) క్యాలెండర్ వస్తుంది. అత్తవారి బాప్తిస్టు సంఘం రోజుకో వాగ్దాన వాక్యం ఉన్న క్యాలెండర్ పంచుతుంది. మరిది వెళ్లే పెంతెకొస్తు మందిరం నుంచి ఇంకొకటి. మూడింటిలోనూ క్రిస్మస్ డిసెంబరు 25నే ఉంటుంది, ఈస్టర్ కూడా ఒకే ఆదివారం. మరి తేడా ఎక్కడ?

తేడా పండుగకు ముందు రోజుల్లో ఉంది. డిసెంబరు మొదటి వారంలో కేకు కోయవచ్చా, ఫిబ్రవరిలో పెళ్లి పెట్టుకోవచ్చా, శుక్రవారం కోడికూర వండవచ్చా, నాన్నగారి సమాధికి ఎప్పుడు వెళ్లాలి. ఇళ్లలో మాట తేడాలు వచ్చేది వీటి దగ్గరే. అందుకే ఈ పోలికలో పండుగల జాబితా కన్నా ఈ నాలుగు ప్రశ్నలకే ఎక్కువ చోటిచ్చాం.

ముందు చూసుకోవాల్సినవి

ఏ క్యాలెండర్‌నైనా నాలుగు విషయాల్లో పరీక్షించండి. పండుగకు ముందు సిద్ధపాటు కాలం ఉందా, ఉంటే ఎన్ని రోజులు? ఉపవాసమంటే ఆ సంఘం దృష్టిలో ఏమిటి: పూట మానడమా, మాంసం మానడమా, పాలూ గుడ్లూ కూడా మానడమా? ఏ రోజుల్లో పెళ్లి చేయరు? పోయినవాళ్లను ఏ రోజున తలుచుకుంటారు? ఈ నాలుగింటికీ మీ సంఘం జవాబు తెలిస్తే క్యాలెండర్ ఎంపిక సగం అయిపోయినట్టే.

ఈస్టర్ తేదీ ఎలా వస్తుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సగం క్యాలెండర్ దాని చుట్టూనే తిరుగుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అంటే మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఉగాదిలాగే దీనికీ చంద్రుడే లెక్క కదా అని పంచాంగం తీసి పౌర్ణమి చూసేవాళ్లున్నారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. చర్చి వాడేది ఆకాశంలో కనిపించే పౌర్ణమిని కాదు, పట్టికల్లో ముందే లెక్కగట్టిన పౌర్ణమిని. 2019లో పౌర్ణమి మార్చి 21న వచ్చింది, ఆ లెక్కన మార్చి 24న ఈస్టర్ రావాలి. చర్చి పట్టికలో ఆ పౌర్ణమి మార్చి 20న ఉంది కాబట్టి ఇంకో నెల ఆగి ఏప్రిల్ 21న చేశారు. సొంత లెక్క మానేసి ఈ పట్టిక వాడుకోండి:

| | 2026 | 2027 | 2028 |
|---|---|---|---|
| విభూది (భస్మ) బుధవారం | ఫిబ్రవరి 18 | ఫిబ్రవరి 10 | మార్చి 1 |
| మట్టల ఆదివారం | మార్చి 29 | మార్చి 21 | ఏప్రిల్ 9 |
| గుడ్ ఫ్రైడే | ఏప్రిల్ 3 | మార్చి 26 | ఏప్రిల్ 14 |
| ఈస్టర్ | ఏప్రిల్ 5 | మార్చి 28 | ఏప్రిల్ 16 |
| ఆరోహణ (గురువారం) | మే 14 | మే 6 | మే 25 |
| పెంతెకొస్తు | మే 24 | మే 16 | జూన్ 4 |
| ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు సిద్ధపాటు) మొదటి ఆదివారం | నవంబరు 29 | నవంబరు 28 | డిసెంబరు 3 |

ఇందులో రెండు చోట్ల ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. 2027లో శ్రమల వారం మార్చి 21 నుంచి 28 వరకు పడుతోంది. పదో తరగతి పరీక్షలు సాధారణంగా ఆ రోజుల్లోనే ఉంటాయి, పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్లు రాత్రి ఆరాధనల విషయం ముందే ఆలోచించుకోవాలి. 2028లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజే వస్తోంది. ఉదయం విగ్రహం దగ్గర పూలదండ, మధ్యాహ్నం సిలువ ధ్యానం, రెండూ వదులుకోలేని కుటుంబాలు మన దగ్గర తక్కువేం లేవు. ఆ ఏడాది సంఘాలు వేళలు ముందే మాట్లాడుకుంటే మంచిది.

ఒక్క చూపులో

| | కతోలిక (ఆర్‌సీఎం) | సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), లూథరన్ | బాప్తిస్టు | పెంతెకొస్తు, స్వతంత్ర | కేరళ ఆర్థడాక్స్ |
|---|---|---|---|---|---|
| చర్చి సంవత్సరం మొదలు | ఆగమన కాలం | ఆగమన కాలం | జనవరి 1 | జనవరి 1 | అక్టోబరు 30 లేదా తర్వాతి ఆదివారం |
| డిసెంబరు 1–24 | నిరీక్షణ, ఊదా రంగు | ఆగమన పాఠాలు, సెమీ క్రిస్మస్ రెండూ | సెమీ క్రిస్మస్ | సెమీ క్రిస్మస్, కొన్నిచోట్ల ఏమీ లేదు | 25 రోజుల ఉపవాసం |
| ఈస్టర్ ముందు కాలం | బుధవారం నుంచి | బుధవారం నుంచి | సంఘాన్ని బట్టి | సంఘాన్ని బట్టి | అంతకు రెండు రోజుల ముందు సోమవారం నుంచి |
| ఆహార నియమం | ఉంది, రాతపూర్వకం | సలహా మాత్రమే | వ్యక్తిగతం | పూట మానే ఉపవాసం | మాంసం, చేప, గుడ్డు, పాలు లేవు |
| సమాధుల దర్శనం | నవంబరు 2 | ఎక్కువగా ఈస్టర్ వేకువ | ఎక్కువగా ఈస్టర్ వేకువ | అరుదు | ఏటి వర్ధంతి, ఉపవాసానికి ముందు ఆదివారాలు |

డిసెంబరు: గొడవ మొదలయ్యే నెల

కతోలికులకు డిసెంబరు 24 సాయంత్రం దాకా క్రిస్మస్ రాలేదు. నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో గురువుల వస్త్రాలు ఊదా రంగులో ఉంటాయి, మూడో ఆదివారం ఒక్కటే గులాబీ రంగు. ఆదివారపు పూజలో మహిమ గీతం పాడరు. పశువుల పాక కట్టినా బాలయేసు స్వరూపాన్ని 24 రాత్రి పూజ దాకా పెట్టకపోవడం చాలా ఇళ్ల అలవాటు. దీనికి బదులు క్రిస్మస్ తర్వాత వాళ్లకు పండుగ కాలం సాగుతుంది, జనవరి 1న మరియమాత మాతృత్వ మహోత్సవం, తర్వాత ముగ్గురు జ్ఞానుల పండుగ.

బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాల లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు: స్త్రీల సమాజానిది ఒకరోజు, యౌవనులది ఒకరోజు, ఆఫీసుది ఒకరోజు, అపార్ట్‌మెంటుది ఒకరోజు. 25 రాత్రికి పండుగ అలసిపోతుంది. తర్వాత పెద్ద రోజు 31 రాత్రి వాచ్‌నైట్, వాగ్దాన కార్డు తీసుకోవడం. సీఎస్ఐ, లూథరన్ సంఘాలు మధ్యలో ఉన్నాయి. ఆదివారం బల్ల దగ్గర ఆగమన పాఠాలే చదువుతారు, శనివారం అదే ఆవరణలో కేకు కోస్తారు. నియమం ఒకటి, ఆచారం ఇంకొకటి అన్నమాట.

కొత్తగా పెళ్లయిన జంటలు ఇక్కడే తడబడతారు. డిసెంబరు 6న అత్తగారింట్లో సెమీ క్రిస్మస్ అంటే కతోలిక కోడలు ఇబ్బంది పడుతుంది, ఆగమన కాలంలో మౌనంగా ఉండడం చూసి అత్తగారు ‘వీళ్లకి పండగే లేదా’ అనుకుంటారు. పనికొచ్చే పరిష్కారం ఏమిటంటే, 24కు ముందు ఇంట్లో సెమీ క్రిస్మస్ ఒక్కటే చేసుకోండి, దాన్ని ఆగమన కాలం నాలుగో వారంలో పెట్టండి. ఆగమన దండలో నాలుగో కొవ్వొత్తి వెలిగించే వారం కాబట్టి ఇద్దరి క్యాలెండర్‌లోనూ అతుకుతుంది.

విశాఖలో డిసెంబరుకు ఇంకో ముడి ఉంది. పాత ఊళ్లో రాస్ హిల్ మీది కొండగుడి మరియమాత పండుగ డిసెంబరు 8, అమలోద్భవి మాత మహోత్సవం రోజు. ఆగమన కాలం మధ్యలో ఉన్నా ఆ రోజు తెల్ల వస్త్రాలే, పూర్తి పండుగే. మతంతో పని లేకుండా కొండెక్కే ఊరు ఇది, పక్క కొండల మీదే దర్గా, వేంకటేశ్వరుడి గుడి కూడా ఉన్నాయి. డిసెంబరు 8 ఆదివారం పడితే చర్చి క్యాలెండర్‌లో మహోత్సవం సాధారణంగా 9కి జరుగుతుంది. 2026లో మంగళవారం, 2027లో బుధవారం, 2028లో శుక్రవారం కాబట్టి ఈ మూడేళ్లూ ఆ చిక్కు లేదు.

కొన్ని బ్రదరన్ సహవాసాలు, కొన్ని పెంతెకొస్తు సంఘాలు క్రిస్మస్ అసలే చేయవు. దినాలను, ఉత్సవ కాలాలను ఆచరించడం గురించి గలతీయులకు, కొలొస్సయులకు పౌలు రాసిన మాటలు వాళ్ల ఆధారం. ఆ ఇంటికి 25న కేకు తీసుకెళ్లి ‘హ్యాపీ క్రిస్మస్’ అనడం మర్యాద అనిపించుకోదు. 26న వెళ్లండి, సంతోషంగా కాఫీ ఇస్తారు.

నలభై రోజులు: మూడు రకాల ఉపవాసం

‘ఉపవాసం’ అనే ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయి. వంటింట్లో తేడా వచ్చేది దీనివల్లే.

కతోలిక నియమం అన్నిటికన్నా స్పష్టం. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండు రోజులూ ఉపవాసం: ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలూ కొద్దిగా. ఇది 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఆ రెండు రోజులు, తపస్సుకాలపు (లెంట్, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల) శుక్రవారాలు మాంసం మానాలి, ఇది 14 ఏళ్లు నిండినవాళ్లందరికీ. చేప మాంసం కింద లెక్క కాదు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఇది పెద్ద త్యాగం కాదు, శుక్రవారం వంజరం పులుసు పెట్టుకుని తపస్సు చేశామంటే ఎవరూ తప్పు పట్టరు గానీ ఉద్దేశం మాత్రం అది కాదు. జబ్బుపడినవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు ఉపవాసం పట్టింపు లేదు. మధుమేహానికి మాత్రలు వేసుకునేవాళ్లు పూట మానకుండా మాంసం మానితే చాలు.

కేరళ ఆర్థడాక్స్ వాళ్లది దీనికన్నా కఠినం. పెద్ద ఉపవాసం సోమవారమే మొదలవుతుంది (2027లో ఫిబ్రవరి 8), విభూది పూయడం ఉండదు. మాంసంతో పాటు చేప, గుడ్డు, పాలు, నెయ్యి కూడా మానాలి. దీనికి మూడు వారాల ముందు నీనెవె ఉపవాసం మూడు రోజులు. ఆగస్టు 1 నుంచి 15 వరకు మరియమాత పేరున ఇంకొకటి. అంటే పక్కింటి మలయాళీ కుటుంబానికి లెంట్‌లో చేపల కూర పంపితే మీకు మర్యాద, వాళ్లకు ఇరకాటం. కేరళ నుంచే వచ్చిన సీరో మలబార్ వాళ్లు కతోలికులే, అయినా వాళ్ల తపస్సుకాలమూ సోమవారమే మొదలవుతుంది.

పెంతెకొస్తు సంఘాల్లో ఉపవాసమంటే పూట మానడం. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా ప్రార్థన, తర్వాత ఏ కూరైనా తినవచ్చు. చాలాచోట్ల ఇది వారం వారం ఉపవాస కూడికగా ఏడాది పొడవునా ఉంటుంది, లెంట్‌తో సంబంధం లేదు. ఇటీవల చాలా స్వతంత్ర సంఘాలు, బాప్తిస్టు సంఘాలు కూడా ‘శ్రమదినాల ప్రార్థనలు’ పేరుతో నలభై రోజులు పెడుతున్నాయి. ఇక్కడ ఒక లెక్క తప్పుతోంది. బుధవారం నుంచి వరుసగా నలభై లెక్కపెడితే 2027లో మార్చి 21కే అయిపోతుంది, అది మట్టల ఆదివారం. అసలు శ్రమల వారం బయట పడిపోతుంది. పాత లెక్కలో ఆదివారాలు ఉపవాస దినాలు కావు. బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు, అందులోంచి ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. కరపత్రం అచ్చు వేయించే ముందు పాస్టర్ గారు ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

2027లో ఇంకో ఢీ ఉంది. గుణదల మాత ఉత్సవాలు ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు. విభూది బుధవారం సరిగ్గా 10న. విశాఖ నుంచి రైలెక్కి వెళ్లే కుటుంబాలు రెండో రోజు ఉపవాసంలో ఉంటాయి, తిరునాళ్లలో బిర్యానీ పొట్లం కొనే ముందు గుర్తుంచుకోవాలి. ఆ ఏడాదే మార్చి 25 మంగళవార్త పండుగ పవిత్ర గురువారం పడుతోంది కాబట్టి ఏప్రిల్ 5 సోమవారానికి జరుగుతుంది.

గుడ్ ఫ్రైడే, ఈస్టర్ వేకువ, సమాధులు

గుడ్ ఫ్రైడే రోజు కతోలికుల్లో పూజ ఉండదు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో శ్రమల పఠనం, సిలువ ఆరాధన, ముందురోజు దాచిన దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనపు రొట్టె) పంచడం ఉంటాయి. సీఎస్ఐ, లూథరన్, బాప్తిస్టు సంఘాల్లో సిలువపై ఏడు మాటలు ముఖ్యం. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు, చాలాచోట్ల పన్నెండు నుంచి మూడు దాకా. రెండూ వినాలనుకుంటే ఏడో మాట పూర్తికాకముందే లేవాల్సి వస్తుంది. ఆ రోజు రెండు చర్చిల ప్రయత్నం వద్దు. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ.

ఈస్టర్ మాత్రం రెండూ కుదురుతుంది. కతోలికుల జాగరణ శనివారం రాత్రి చీకటి పడ్డాక, మిగతావాళ్ల ఆరాధన ఆదివారం తెల్లవారుజామున. ఆ రోజుల్లో విశాఖలో సూర్యోదయం ఆరు గంటలకు ముందే. సముద్రం తూర్పున ఉన్న ఊరు, సూర్యోదయ ఆరాధనకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

సమాధుల సంగతి సున్నితమైనది. లూథరన్, బాప్తిస్టు కుటుంబాలు చాలావరకు ఈస్టర్ వేకువన సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. అక్కడ భావం పునరుత్థానం. కతోలికులకు అది నవంబరు 2, సకల ఆత్మల స్మరణ దినం. అక్కడ పోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఈ ప్రార్థనను బాప్తిస్టులు, పెంతెకొస్తువారు ఒప్పుకోరు. అందుకే మిశ్రమ కుటుంబంలో తేదీ మార్చినంత తేలిగ్గా అర్థం మారదు. తండ్రి ఏ సంఘంలో ఉండి పోయారో ఆ సంఘం తేదీనే పాటించడం అందరికీ గౌరవం. సున్నం, కూలీల మాట ముందు వారమే అనుకోండి, చివరి రెండు రోజుల్లో మనుషులు దొరకరు.

పెళ్లి తేదీకి

కతోలిక విచారణలు తపస్సుకాలంలోనూ ఆగమన కాలంలోనూ ఆడంబరంగా పెళ్లి చేయడానికి సాధారణంగా ఒప్పుకోవు, పవిత్ర శుక్రవారం, శనివారం అసలే చేయరు. సీఎస్ఐ, లూథరన్ సంఘాలు కూడా లెంట్‌లో వద్దంటాయి. స్వతంత్ర సంఘాలకు ఆ పట్టింపు లేదు. కాబట్టి ఇరుపక్షాల్లో ఒకరు కతోలికులైతే 2027లో ఫిబ్రవరి 10 నుంచి మార్చి 27 దాకా, తిరిగి నవంబరు 28 నుంచి డిసెంబరు 24 దాకా తీసేయండి. ప్రకటనలు మూడు ఆదివారాలు చదవాలి, మిశ్రమ వివాహమైతే కతోలిక పక్షం మేత్రాసన (డయోసిస్) అనుమతి తెచ్చుకోవాలి. మూడు నెలల ముందే విచారణ గురువును కలవండి.

హాలు అద్దె తగ్గాలంటే డిసెంబరు 27 నుంచి జనవరి 12 మధ్య చూడండి. హిందువులకు ధనుర్మాసం, ముహూర్తాలు లేవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీ. చర్చి లెక్కలో క్రిస్మస్ కాలం, ఏ అభ్యంతరమూ లేదు. ఆషాఢం కూడా అంతే. హిందూ బంధువులు ఎక్కువుంటే వాళ్లు ముఖం చిట్లించవచ్చు, అది మీరే తేల్చుకోవాలి. వేళ విషయంలో 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం సాధారణ నియమం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు. కొన్ని మినహాయింపులున్నా, సాయంత్రం పెళ్లికి ఊరేగింపు ఆలస్యమైతే ప్రమాణాల వేళకు ఇది మెడకు చుట్టుకుంటుంది. శుభలేఖలో 5 గంటలని వేయించండి.

ఇంకో రెండు క్యాలెండర్లు, క్లుప్తంగా

అడ్వెంటిస్టుల విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా. విశాఖలో నవంబరు చివర అది 5:20 ప్రాంతంలో, జూన్‌లో 6:30 దాటాక మొదలవుతుంది. శనివారం పనిచేసే ఆఫీసులో ఉద్యోగం ఒప్పుకునే ముందే ఈ మాట చెప్పుకోవాలి.

జార్జియాలోనో రష్యాలోనో ఎంబీబీఎస్ చదివే పిల్లలున్నవాళ్లు అక్కడి సెలవులు చూసి ఆశ్చర్యపోతారు. అక్కడి ఆర్థడాక్స్ చర్చిలు పాత జూలియన్ క్యాలెండర్ వాడతాయి, అది ఇప్పుడు 13 రోజులు వెనక. వాళ్ల డిసెంబరు 25 మన జనవరి 7. ఈస్టర్ 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2, 2028లో మాత్రం మనతో కలిసి ఏప్రిల్ 16. టికెట్లు కొనేటప్పుడు ఈ తేదీలు చూడండి, ఇక్కడి గుడ్ ఫ్రైడే చూసి కాదు.

ఎవరికి ఏది

పిల్లలున్న మిశ్రమ జంటకు: పిల్లల్ని ఏ సంఘంలో పెంచుతున్నారో ఆ క్యాలెండరే గోడ మీద ఉండాలి. రెండో వైపు నుంచి నాలుగు తేదీలు మాత్రం పెన్నుతో రాసుకోండి. రెండు క్యాలెండర్లూ పూర్తిగా పాటిస్తామని మొదలుపెట్టిన ఇళ్లలో సాధారణంగా రెండూ సగంలో ఆగిపోతాయి.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు, ముఖ్యంగా పంచాంగం చూసే ఇంటి నుంచి వచ్చినవాళ్లకు, సీఎస్ఐ లేదా కతోలిక క్యాలెండర్ ఉపయోగం. ఏడాది మొత్తంలో యేసు జీవితాన్ని వరుసగా తిప్పుతుంది. కతోలిక పాఠాలు మూడేళ్ల చక్రం: 2026 ఆగమన కాలం నుంచి మార్కు సువార్త సంవత్సరం, 2027 ఆగమనం నుంచి లూకా. రోజుకో వాక్యం క్యాలెండర్ ధైర్యం ఇస్తుంది గానీ ఆ వరుస ఇవ్వదు.

సీఎస్ఐలో పెరిగి ఇప్పుడు స్వతంత్ర సంఘానికి వెళ్తున్నవాళ్లకు ఏదో పోయినట్టు అనిపించేది ఎక్కువగా మట్టల ఆదివారం దగ్గరే. మీ సంఘం చేయకపోతే ఆ ఒక్క ఉదయం తల్లిదండ్రుల చర్చికి వెళ్లి మట్ట తెచ్చుకోండి. కతోలిక బంధువులుంటే ఆ ఎండిన మట్టను పారేయకండి, మరుసటి ఏడాది విభూది దాన్నే కాల్చి చేస్తారు. బుధవారానికి ముందు ఆదివారం విచారణలో అప్పగించాలి.